మా మామ గొంగడి, నా కుంకుడుకాయలు

కుంకుడుకాయల పేరు నా ముంగట ఎత్తకుండ్రి. ఎత్తితె గీ చాయ్ గిలాస ఆడనే వెట్టి లేసి పోత. ఏంది, అప్పుడే నవ్వుతున్నరు? ఓహో, ఆ ముచ్చట మీ దాక వచ్చిందన్నట్టు! సరే, వాళ్ళ నోట్ల వీళ్ళ నోట్ల ఇనేకంటె నా నోటితోనే ఇనుండ్రి. అయితే నడుమల నవ్వద్దు. నవ్వితె సెప్ప.

మా ఆయన నాయన, మా మామ సంగతి మీకెరుకే. శామీర్‌పేట సెరువు కింద వరి మళ్ళకు కావలి ఉంటడు. పందులు వడకుండ రాత్రంత మంచె మీదనే. సెరువు మీదికెల్లి వచ్చె గాలి ఎట్లుంటది? ఎముకలల్ల దూరుతది. ఆయన గొంగడేమో ఆయన పెండ్లి నాటిది. ఇప్పుడు దాంట్ల గొంగడి తక్కువ, బొక్కలెక్కువ. పోయిన సలికాలం దగ్గి దగ్గి మంచాన వడ్డడు. ఇగ దక్కడనుకున్నం. ప్రభువు దయ, లేసి కూసున్నడు. అందుకే గీసారి సలి ముదరకముందే ఆయనకు కొత్త గొంగడి కావాలె. కొందామంటె యాడ దొర్కుతది? లడాయి నడుస్తాంది గద, ఉన్ని రగ్గులన్ని పల్టన్ల సిపాయిలకే పోతున్నయంట.

మా పక్కిల్లు కొమురవ్వది. గొర్లు కాసేటోళ్ళు. ఆమె బొచ్చు వడుకుతది, ఆమె పెనిమిటి వాకిట్ల మగ్గం ఏసి గొంగళ్ళు నేస్తడు. ఆ మగ్గం ఎల్లకాలం ఉండది. మంద మేతకు దూరం పోయె యాల్లయితె మగ్గం పీకి, గొర్లను తోలుకొని పోతడు. మల్ల సలికాలం పోయినంకనే వచ్చుడు.

కొమురవ్వ మంచి మనిషి. అడగకముందే తన గొర్ల బొచ్చు మూట గట్టి తెచ్చింది. "అక్కా, మీ మామకు గొంగడి నేసినంకనే కదులుత అంటుండు మా ఆయన. నాకు సేతుల నిండ పనున్నది. నువ్వు జల్దీ వడికియ్యి, సాలు" అన్నది. "బొచ్చు వడుకుడు తెలుసు గదా? లేకుంటె సూపెడ్త."

ఆడ నేను నోరు మూసుకుంటె అయిపోతుండె. నాకు ఊకుండుడు సాతనైతదా?

"నాకు సూపెడ్తవా? మచ్చ బొల్లారంల మా అమ్మగారింటికి పోయి అడుగు! పత్తి ఇత్తు తీసి, దూది ఏకి, ఏకులు సుట్టి, రాట్నం మీద పోగు గుంజితె ఎంటిక కంటె సన్నగ వస్తది. గా దూదికి, గీ బొచ్చుకు తేడా ఏమున్నదే? అది సెట్టుకు కాస్తది, ఇది గొర్రెకు కాస్తది!"

"గట్ల గాదక్కా. జర ఎండకు వెట్టి, దులిపి, ఏకి, అట్లనే వడకాలె. దూది లెక్క సన్నగ గుంజకు..."

"పో పో, నీ పని సూస్కో."

పోయింది పాపం.

మూట ఇప్పిన. యేసయ్యా! ఏం వాసన! బొచ్చు నిండ పల్లేరుకాయలు, గొర్రె పెంటికలు, మట్టి. సేతులకు ఒకటే జిడ్డు. మా అమ్మ సెప్తుండె, మురికి దూదికి మురికి పోగే వస్తదని. ఆదివారం తెల్లచీర గట్టి చర్చికి పోయె మనిషిని, గీ జిడ్డు సేతులతోని పాటల పుస్తకం ముట్టాల్నా? అదట్ల ఉండనియ్యి, దీన్ని రోజు ముక్కు దాక కప్పుకుంటె మా మామ సలికి గాదు, వాసనకే సస్తడు.

కడిగితె అయిపోతది గద! తెలివి జూడుండ్రి నాది.

పొయ్యి మీద కాగు ఎక్కిచ్చిన. కుంకుడుకాయలు కొట్టి ఏసిన. నీళ్ళు తెర్లుతుంటె బొచ్చంత దాంట్ల గుమ్మరిచ్చి కట్టెతోని కలుపుడు షురూ జేసిన. మురికి ఇడుస్తాంది, నీళ్ళు నల్లగ అయితున్నయి, నాకు మస్తు ఖుషీ. ఇంకింత కలిపిన. తీసి సల్లనీళ్ళల్ల ముంచిన. మురికి ఇంకా ఉన్నదేమోనని బండ మీద ఏసి దబదబ కొట్టిన. మల్ల కాగుల ఏసిన, మల్ల కొట్టిన. రెక్కలు వడిపోయినయంటె నమ్ముండ్రి! కొట్టిన కొద్ది బొచ్చు దగ్గర వడుతాంది. నేనేమనుకున్న? "అబ్బ, ఎంత ఒత్తుగ అయితాంది, మంచి జాతి బొచ్చు" అనుకున్న.

ఎండల ఏసిన. ఎండినంక వాసన సూసిన. కమ్మగ కుంకుడుకాయ వాసన! ఇగ ఏకుదామని ఓ కొస వట్టి గుంజిన. రాలే. ఇంకో కొస గుంజిన. రాలే. దబ్బనం వెట్టి పొడిసిన. దబ్బనం వంగింది.

అప్పుడే మా ఆయన బొల్లారం టేషన్ల డ్యూటీ దిగి ఇంటికొచ్చిండు. వాకిట్ల నిలవడి అటు జూసిండు, ఇటు జూసిండు.

"ఏందే సారమ్మా, బొచ్చు దెమ్మంటె తోలు గూడ తెచ్చినవా?"

"తోలు గాదు, బొచ్చే. జర ముద్దయింది. ఆ కొస నువ్వు వట్టి గుంజు."

ఆయన ఆ దిక్కు, నేను గీ దిక్కు. కాళ్ళు తన్ని వట్టి గుంజితిమి. నా సేతికెల్లి జారింది! రైలు పట్టాలెత్తె మనిషి ఎల్లెలికల పోయి పొయ్యి కాడి బూడిదల వడ్డడు. తెల్లగ లేసి వచ్చి, దాన్ని అటిటు తిప్పి సూసి, నెమ్మదిగ అన్నడు గద...

"ఏకు మేకయ్యిందంటె ఇన్న గని, కండ్లతోని ఎన్నడు సూడలె. ఇగ వడుకుడెందుకే? నేసుడు గూడ అయిపోయింది."

వేరే దినమైతె నేను గూడ నవ్వుదును. గని అప్పుడే పక్క వాకిట్లకెల్లి దడ్ దడ్ సప్పుడు. మంద కదిలె యాల్లయ్యిందేమో, మగ్గం గుంజలు కదిలిస్తున్నట్టున్నరు. వడికింది లేదు, వడకనీకె బొచ్చు లేదు. మా మామ ఆ బొక్కల గొంగడితోనే మంచెక్కాలె. పోయినేటి దగ్గు సెవులల్ల ఇనవడ్డది. నేను ఆడనే కూలవడి ఏడ్సిన. నిజంగ ఏడ్సిన.

ఏడుపు ఇని కొమురవ్వ ఉరికొచ్చింది. "ఏమైందక్కా?" అన్నది. ఆ ముద్దను ఆమె ముంగట వెట్టిన. ఆమె వట్టి సూసింది. వాసన సూసింది.

"కుంకుడుకాయలా?"

"ఊ."

"ఏడినీళ్ళా?"

"తెర్లినయి."

"బండకు కొట్టినవా?"

"మస్తు కొట్టిన."

ఇగ సూడుండ్రి! కడుపు వట్టుకొని నేల మీద కూసున్నది. కండ్లపొంటి నీళ్ళు. సప్పుడుకు ఆమె పెనిమిటి గూడ వచ్చిండు. ఆయనెప్పుడు మాట్లాడడు, అసొంటి మనిషి దాన్ని గోటితోని కొట్టి సూసి, "పల్టన్ గుర్రాలకు జీను కింద ఏస్తరే, నమదా, అచ్చం గట్లనే అయ్యింది" అన్నడు. మెచ్చుకున్నడో తిట్టిండో ఇప్పటికి నాకు ఎరుక లేదు.

"అక్కా, ఆ జిడ్డు ఉంటెనే వాన నీళ్ళు జారిపోయేది" అన్నది కొమురవ్వ నవ్వాపుకొని. "బొచ్చును ఏడినీళ్ళల్ల వెట్టి గుద్దితె ఒకదాన్నొకటి వట్టుకుంటది, మల్ల ఇడువది."

"గా ముచ్చట ముందుగాల సెప్పొద్దా?"

"బొచ్చును పప్పు లెక్క ఉడకవెడ్తవని నాకేం ఎరుకనే!"

నా ఇజ్జత్ అట్ల పోయింది. గని కొమురవ్వ నా లెక్క ముచ్చట్లు వెట్టె మనిషి గాదు. పెనిమిటిని "మగ్గం ముట్టకు" అని, కొంగు దోపి గొర్లు కాసేటోళ్ళ వాడకట్టుకు పోయింది. ఇంటింటికి ఇంత బొచ్చు అడిగి ఒడి నింపుకొని వచ్చింది. ఆమెతోని నలుగురు ఆడోళ్ళు, ఎవరి రాట్నం వాళ్ళే తెచ్చుకున్నరు. "ఫికర్ జెయ్యకు, నువ్వు గూడ కూసో" అని నన్ను నడుమల కూసోవెట్టుకున్నరు.

ఇగ నా సెయ్యి తిరిగిన పనితనం సూడాలె! మా అమ్మగారింటి అలవాటు ఏడ పోతది? సన్నగ గుంజుత, తెగుతది. అతుకుత, తెగుతది. లావుగ ఇడిస్తె పోగు గాదు, పాము మింగిన కప్ప లెక్క నడుమల ఉబ్బుతది. ఒకామె నా పోగు తీసి సూసి, "ఇది అంచుకు వనికిరాదు, నడుమకు వనికిరాదు, మేకను కట్టెయ్యనీకె వనికొస్తది" అన్నది. మల్ల అతికి, మల్ల రాట్నం తిప్పిన. జిడ్డు సేతులు గూడ కడుక్కోలె. ఆ జిడ్డుతోనే ఆదివారం చర్చికి పోయిన, పాటల పుస్తకం పక్కామెను తిప్పుమన్న.

గొంగడి అయ్యింది. నల్లగ, మంచిగ, బరువుగ. మా మామ భుజాన ఏసుకొని సూసుకున్నడు. ఆయన మొఖం మీద నవ్వు నేను మస్తు దినాలకు సూసిన. కొమురవ్వ పెనిమిటి మగ్గం పీకి మందతోని కదిలిండు.

నేను సిగ్గుకు నా ముద్దను గడ్డివాము ఎన్క దాసిన. మాపటికి సూస్తె లేదు. మా మామ దాన్ని మంచె మీద పరిసి, దాని మీద కూసున్నడు.

"అది పారెయ్యి మామా" అన్న.

"ఎందుకు బిడ్డా? మీద కొమురవ్వ వాళ్ళది, కింద నీది. ఇగ సలి ఎటుకెల్లి వస్తది?"

నా కండ్లల్ల నీళ్ళు తిరిగినయి. ఎంత మంచి మామ అని అందరికి సెప్పుకున్న. గంత మంచి మామ నిన్న ఏం జేసిండో ఇనుండ్రి.

పొద్దుగాల కావలికెల్లి వచ్చి అరుగు మీద గొంగడి ముసుగేసి పండుకున్నడు. గురక వెడుతుండు. నేను తలకు వోసుకుందామని పొయ్యి మీద నీళ్ళు వెట్టి, కుంకుడుకాయలు ముంగటేసుకొని రాయితోని టక్కున కొట్టిన. అంతే! గురక ఆగింది. ముసుగు లేసింది. కాగు దిక్కు జూసిండు, నా సేతిల రాయి దిక్కు జూసిండు. గొంగడి సంకల వెట్టి, రుమాలు గూడ సుట్టుకోకుండ పక్కింటికి ఒకటే ఉరుకుడు!

"మామా, ఆగు! నా తలకే!" అని ఎన్క వడ్డ.

కొమురవ్వ తలుపు లోపటికెల్లి ఆయన గొంతు ఇనవడ్డది.

"నీ తల నీ ఇష్టం బిడ్డా, ఎంతన్న ఉడకవెట్టుకో. గొంగడి మాత్రం నీ నీళ్ళు సల్లారేదాంక గీడనే ఉంటది."