మరియమ్మ కొడుకు బ్యాండు

మా అమ్మాయి చదివే కాలేజీకి మిలిటరీ బ్యాండుని పిలవాలట, దరఖాస్తు నన్ను నింపమన్నారు. మైదానం ఎంత, నీడ ఉందా అన్నవి రాశాను. "ప్రవేశం అందరికీ ఉచితమేనా?" అన్న చోట చెయ్యి ఆగిపోయింది.

డెబ్బైల్లో బెజవాడలో పెరిగినవాళ్లూ, బ్యాండు వస్తోందంటే ఎలా ఎగిరేవాళ్లమో గుర్తుందా? నాకప్పుడు ఎనిమిదేళ్లు. మా ఇంటికి చేపలు తెచ్చే మరియమ్మ కొడుకు మిలిటరీ బ్యాండులో డ్రమ్ము కొట్టేవాడు. "మావోణ్ణి చూసి మూడేళ్లయిందండీ మాస్టారూ, ఎలాగైనా ఇక్కడికి రప్పించండి" అని ఆమె బతిమాలితే, నాన్నగారు తన స్కూలు వార్షికోత్సవానికి బ్యాండుని పంపమని ఉత్తరం రాశారు. అందరూ రావచ్చని కూడా రాశారు.

తీరా ఆ రోజు కమిటీవాళ్లు పాసులు పెట్టారు. మరియమ్మని గేటు దగ్గరే ఆపేశారు. కుర్చీలోంచి చూసి నాన్నగారికి చెప్పాను.

"పెద్దవాళ్లున్నారమ్మా, ఊరుకో" అన్నారు.

మళ్లీ బ్యాండు వైపు తిరిగాను. ఇత్తడి బాకాలు ఎండలో మెరిశాయి, డ్రమ్ముల మోత నా పొట్టలో అదిరింది. అయిపోగానే బ్యాండువాళ్లు వెనక గేటు దగ్గర లారీ ఎక్కి వెళ్లిపోయారు.

మర్నాడు మరియమ్మ బుట్ట దించి, "మోత ఇనపడిందండీ అమ్మాయిగారూ. మావోడు చిక్కిపోయాడా?" అంది.

అంతమంది డ్రమ్ములవాళ్లలో అతనెవరో నాకేం తెలుసు? "లేదు, లావయ్యాడు" అన్నాను. ఆమె మీద జాలితో అన్నానో, నాన్నగారిని కాపాడుకోవడానికి అన్నానో ఇప్పటికీ తేలదు.

మరియమ్మ మొహం విప్పారింది. నాన్నగారి వైపు తిరిగి రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు.