పన్ను లేని ఖాతా, గట్టున బోరు లారీ

ఈ పొద్దున బోరు లారీ వచ్చి మా చేని గట్టున ఆగింది. మూడు బోర్లు వేసి చుక్క నీళ్లు చూడని చేను. నాలుగోదానికి నాయన, టీచరైన మా అమ్మ బ్యాంకు డిపాజిట్‌ను నమ్ముకున్నాడు.

"దుడ్లు యాడుండాయి?" అన్నాడు, ఇంటికొచ్చి అమ్మతో.

"వడ్డీకి పన్ను పట్టుకుంటాండారని పోయిన నెల్లోనే తీసి, పోస్టాఫీసులో పీపీఎఫ్ ఖాతాలో ఏసినా. దాని వడ్డీకి పన్ను ల్యా. ఇంగ ఏండ్లదాకా తీసేకి కాదు," అంది అమ్మ.

నాయన చేతిలోని కాఫీ గ్లాసు ఎగిరి గోడకు తగిలింది. లారీ వెనక్కి తిరిగింది.

వంటింట్లో మెల్లగా అడిగాను, పన్ను ఎంత మిగులుతుందమ్మా అని.

"పన్నుదేముందిలే పాపా. లారీ పోయింది గదా."

నాయన ఇంకా అన్నానికి రాలేదు. పిలుచుకుని రమ్మని అమ్మ నన్నే పంపుతోంది. మీరైతే ఏం చెప్పి పిలుస్తారు?