కళ్లు కుట్టేసిన కొంగ

దెయ్యాలూ శకునాలూ అంటే నాకు మొదటినుంచీ చిరాకు. అలాంటి కబుర్లు మొదలెట్టిన వాళ్లని మొహమ్మీదే ఆపేసే రకాన్ని. ఇప్పుడు నేనే చెప్పాల్సి వస్తోంది.

మాది బిర్సానగర్, హిందీ మాట్లాడే ఉక్కు ఊళ్లో ఒక పేట. మా బావగారు, అంటే మావారి అన్నయ్య, ప్లాంటులో రిటైరయ్యాక పక్షుల ఫొటోల్లో పడ్డారు. నాకూ పక్షులంటే ఇష్టం కాబట్టి చలికాలం ఆదివారాలు ఆయన కారులో వెళ్తుంటాను. మొన్న జనవరిలో ఊరికి దూరంగా, పక్షుల కోసం కాపాడుతున్నామని బోర్డు పెట్టిన చిత్తడి నేలలకు వెళ్లాం.

కాపాడటం బోర్డు వరకే. ఒడ్డంతా పిక్నిక్ వాళ్ల ఎంగిలి ప్లేట్లు, కోడి ఈకలు, సీసాలు. ముక్కు మూసుకుని నడిచాం. వలస బాతు ఒక్కటీ లేదు. ఒక లకుముకి పిట్ట మాత్రం చేపను కొమ్మకేసి బాదుతూ కనిపించింది. ఆ పూట దక్కిన సంతోషం అదొక్కటే.

తుంగ వెనకాల ఒక కొంగను కర్రకు కట్టేసి ఉంచారు. మిగతా కొంగల్ని కిందికి దింపడానికి వేటగాళ్లు పెట్టిన ఎర. బెదిరిపోకుండా దాని రెండు కళ్లూ నల్లదారంతో కుట్టేశారు. రెప్పల మీద చీము కట్టింది.

"బావగారూ, ముందు కట్టిప్పండి. సచ్చిపోయేలాగుంది."

"ఉండమ్మా. కొంగలు దిగుతాయి, రెండు ఫొటోలు తీసీసి ఇప్పీద్దాం. ఏటంత తొందర?"

నైలాన్ ముడి నా వేళ్లకు లొంగలేదు. కత్తెర కోసం కారు దగ్గరికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి కొంగ తల వాల్చేసింది. ఆయన ఇంకా ఫొటోలు తీస్తూనే ఉన్నారు. ఆ చీముకన్నా ఆయన్ని చూస్తేనే ఎక్కువ అసహ్యం వేసింది.

తాడు కోసి కొంగను చేతుల్లోకి తీసుకున్నాను. ప్రాణం పోయినా ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. రెప్పలు వేలితో తడిమాను. కుట్లు గట్టిగా ఉన్నాయి. అలాగే పూడ్చిపెట్టాను.

సాయంత్రం గోవింద్‌పూర్‌లో బావగారింట్లో ఆయన ఫొటోలు కంప్యూటర్‌లో వేశారు. ప్రతి ఫొటోలోనూ కొంగ కళ్లు తెరిచే ఉన్నాయి. పసుప్పచ్చటి కళ్లు. దారం లేదు, చీము లేదు. తిన్నగా కెమెరా వైపే చూస్తోంది.

బావగారు ఫొటోలు మొదటినుంచీ మళ్లీ తిప్పి చూశారు. చివరికి, "లైటు పడి అలాగ వచ్చుంటాదమ్మా" అన్నారు. ఆయన గొంతు వణకడం నేను విన్నాను.

మర్నాటికి ఆ వణుకు పోయింది. వాటిలో ఒక ఫొటోను పక్షుల గ్రూపులో పెట్టేశారు. 'క్యా నజర్ హై, సర్!' అని ఒకటే పొగడ్తలు. చూపు అద్భుతమట!

ఆ కుట్లు తడిమింది నా వేలు. ఆ కళ్లు ఎలా తెరుచుకున్నాయో నేను ఇప్పటికీ చెప్పలేను. బావగారు మాత్రం ఒక్కొక్కరికీ పేరుపేరునా థాంక్యూ అని పెడుతున్నారు.