చుక్కా కామా కూడా చదవాలి

ప్రెస్సులో అందరూ ఆమెను ప్రూఫక్క అంటారు. వయసులో పెద్దవాడైన యజమాని కూడా. మందుసీసాతో పాటు మడతపెట్టి ఉంచే కాగితాలు ఇక్కడ అచ్చవుతాయి. అచ్చుకు ముందు, తప్పుల్లేవని కింద మూలన ఆమె సంతకం ఉండాలి.

ఇరవై రెండేళ్లు ఆ పని చెవులతో సాగింది. ఎదురుగా ఇంకొకామె కూర్చుని, డాక్టర్లు ఆమోదించిన ప్రతిని పైకి చదివేది. మాటలే కాదు, చుక్క, కామా, బ్రాకెట్టు, అన్నీ. ప్రూఫక్క తన ముందున్న కాగితం మీద వేలు జరుపుతూ వినేది. ఇంటికి వెళ్లాక నోరు జారి భర్తను "భోంచేశారా, ప్రశ్నార్థకం" అని అడిగిన రోజులున్నాయి.

చదివే ఆమె రిటైరైంది. ఆ జీతం మిగిలిందని యజమాని కంప్యూటర్ కొన్నాడు. ఇంకో ఆఫీసులో పనిచేసే ప్రూఫక్క మరిది దానికి స్క్రిప్టు అనే చిన్న ప్రోగ్రాం ఒకటి రాసిచ్చాడు. డాక్టర్ల ప్రతి, ప్రెస్సులో కూర్చిన ప్రతి రెండు ఫైళ్లుగా ఇస్తే అక్షరం అక్షరం పోల్చి, తేడా ఉన్న వరుసను ఎర్రగా చూపిస్తుంది.

ఆ ఉదయం పసిపిల్లల జ్వరం మందు కాగితం వచ్చింది. మూడు వందల పన్నెండు వరుసలు. అన్నీ ఎరుపే. ఆమె రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. కళ్లజోడు తుడుచుకుని చూసింది. ఏ తేడా కనిపించలేదు. ఫోన్ చేసింది.

"ఏమయ్యా, నీ స్క్రిప్టుకి తట్టు పోసినట్టుంది. ఒళ్లంతా ఎరుపే."

"వరుసల చివర ఖాళీలుంటాయి వదినా. కంటికి కనపడవు."

"కనపడనివాటితో నాకేం పని?"

"దానికి కనపడతాయి కదా. వదిలేయమని చెప్తా ఉండు."

ఖాళీలు వదిలేశాక నూట తొంభై మిగిలాయి. కొటేషన్ గుర్తులు ఒకదానిలో వంకర, ఒకదానిలో నిటారు. అవీ వదిలేశారు. ఎనభై నాలుగు. మధ్యలో మరిదికి రెండు మీటింగులు. కింద మెషిన్‌కు కాగితం ఎక్కించి ఉంది. యజమాని మూడోసారి గుమ్మంలోకి వచ్చాడు.

"ఏం ప్రూఫక్కా, అది చదువుతోందా, కునుకు తీస్తోందా?"

"చదువుతూనే ఉంది. ఏం చదువుతోందో నాకే తెలియట్లేదు."

చివరికి మరిదికీ విసుగొచ్చింది. "విరామచిహ్నాలన్నీ ఒకేసారి తీసేస్తున్నా" అన్నాడు. తెర తెల్లబడింది. తేడా లేదు, అని ఒక వరుస మిగిలింది.

యజమాని పెన్ను అందించాడు. ఆమె మూత తీసి, ఆగింది.

"అన్నీ తీసేశానన్నావు. చుక్కలు కూడా చూడదా ఇప్పుడు?"

"చూడదు వదినా. మనమే కదా చూడొద్దన్నాం."

ఆమె మూత పెట్టేసింది. రెండు ఫైళ్లనూ కాగితం మీదికి తీసి, ఖాళీ కుర్చీకి ఎదురుగా కూర్చుని ఒక్కతే పైకి చదవడం మొదలుపెట్టింది. ఒక వరుస ఇందులో, అదే వరుస అందులో. గొంతు ఎండిపోయింది. యజమాని గడియారం చూస్తూ నిలబడ్డాడు.

నూట నలభయ్యో వరుస. ఆరు నెలల లోపు పిల్లలకు ఇవ్వాల్సిన మోతాదు. డాక్టర్ల ప్రతిలో "సున్నా చుక్క అయిదు మిల్లీలీటరు" అని చదివింది. ప్రెస్సు ప్రతిలో "సున్నా అయిదు" అని చదివి ఆగిపోయింది. ఫాంటు మార్చినప్పుడు చుక్క రాలిపోయింది. ఆ కాగితం చూసుకుని పోసే తల్లి పదింతలు పోస్తుంది.

ఆమె ఆ వరుస మీద వేలు ఉంచి, మళ్లీ ఫోన్ చేసింది. ఫోన్‌లోంచి మరిది "వదినా?" అన్నాడు.

"తీసినవన్నీ మళ్లీ పెట్టు."

"మళ్లీ అంతా ఎర్రబడుతుంది."

"పడనీ."

యజమాని గొంతు తగ్గించాడు. "మిగతావీ ఇలాగే చదవాలా?"

"ఇలాగే."

"సాయంత్రమైపోతుంది."

"అవుతుంది. ఇద్దరుంటే కాస్త ముందే అవుతుంది."

అతను కింది మెషిన్ వైపు ఒకసారి చూసి, ఖాళీ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డాక్టర్ల ప్రతి తీసుకుని విసుగ్గా చదవడం మొదలుపెట్టాడు. వరుస సగంలోనే ఆమె పెన్నుతో బల్ల మీద కొట్టింది.

"కామా మింగేశారు."

అతను మళ్లీ మొదటినుంచి చదివాడు.