పిచ్చేశ్వరరావు శనివారాలు

పిచ్చేశ్వరరావు బందరు డిపోలో పందొమ్మిదేళ్ళు బస్సు నడిపాడు. చల్లపల్లి, మోపిదేవి, అవనిగడ్డ మీదుగా నాగాయలంక వెళ్ళే రోడ్డులో ఏ గొయ్యి ఎక్కడుందో ఆ రోడ్డు వేసిన ఇంజనీర్ల కన్నా ఆయన నడుముకే బాగా తెలుసు. 2003 ఆగస్టులో, ఏడాదికోసారి డ్రైవర్లకు చేసే వైద్యపరీక్షలో, పరగడుపున షుగరు రెండువందల నలభై తేలింది. మూడు నెలల గడువిచ్చి డిపో గేటు దగ్గర కూర్చోబెట్టారు. ఈలోపు షుగరు దిగితే మళ్ళీ స్టీరింగు. దిగకపోతే రిటైరయ్యేదాకా ఆ గేటు కుర్చీయే.

గేటు కుర్చీ పని కష్టమైంది కాదు. వచ్చే బస్సు నంబరూ వెళ్ళే బస్సు నంబరూ రాసుకోవడమే. కానీ తన బండి ఇంకొకడి చేతిలో గేరు మారేటప్పుడు మూలుగుతుంటే, ఆ మూలుగు ఆయన పళ్ళలో పలికేది. దానికి తోడు ఆ బండి కండక్టరు ప్రకాశరావు రోజూ కిటికీలోంచి తల బయటపెట్టేవాడు.

"గేటు బార్లా తియ్యి బావా. డ్రైవరు కొత్తోడు, దూలం కూడా పట్టుకుపోతాడు."

గేటు తీసి, ఆ బస్సు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడేవాడు పిచ్చేశ్వరరావు.

బందరులో క్లినిక్కు పెట్టుకున్న డాక్టరు హెప్సిబాది గూడూరు దగ్గర పల్లె. వైద్య పత్రికలు బాగా చదివేది. చదివినదాన్ని ముందు తన మీద, తర్వాత వాళ్ళ నాన్న మీద చేసి చూసిందని ఊళ్ళో చెప్పుకునేవారు. ఆవిడ మాత్రలు రాసిచ్చి, "అన్నం మానేయాలండీ" అంది.

పిచ్చేశ్వరరావుకు ప్రాణం లేచొచ్చింది. ఆయన ఇరవై ఏళ్ళుగా శనివారం అన్నం ముట్టని మనిషి. ఇంత చిన్న పనికా ఇంత భయపడింది!

ఇక్కడ కొంచెం ఆగి, డెల్టాలో ఉపవాసమంటే ఏమిటో చెప్పుకోవాలి. కాలువ పొడవునా వరి తప్ప ఇంకోటి కనిపించని దేశంలో అన్నం ఒక్కటే తిండి, తక్కినవి లెక్కలోకి రావు. పదకొండింటికి నాలుగు అట్లు లాగించినవాడు పన్నెండింటికి "పొద్దుట్నుంచీ మెతుకు ముట్టలేదండీ" అంటే అది అబద్ధం కాదు. అవే బియ్యం ఉడికితే భోజనం, రుబ్బి ఆవిరికి పెడితే పలహారం, దంచి అటుకులు చేస్తే ఉపవాసం. ఈ చట్టం ఎవరు రాశారో తెలియదు గానీ, ఉల్లంఘించినవాణ్ణి నేటిదాకా ఎవరూ చూడలేదు.

పిచ్చేశ్వరరావు ఆ చట్టప్రకారం వారానికి ఏడు శనివారాలు చేశాడు. వీధిలోవాళ్ళు ఆయన నిష్ఠకు దణ్ణం పెట్టారు. నెల తిరిగేసరికి పరగడుపు షుగరు రెండువందల అరవై రెండు.

డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చూసింది. "పొద్దున ఏం తింటున్నారు?"

"ఐదే ఇడ్లీలండీ."

"మధ్యాహ్నం?"

"ఉప్మా. కొంచెం ఎక్కువే. అన్నం లేదు కదండీ, మనిషి నిలబడాలిగా."

"సాయంత్రం?"

"అటుకులు. బెల్లం వెయ్యలేదండీ" అన్నాడు, దానికి మార్కులు పడతాయన్న ఆశతో. "రాత్రికి నాలుగు చపాతీలు, రెండు చక్కెరకేళీలు."

పక్కనే కూర్చున్న భార్య కనకదుర్గ సాక్ష్యం పలికింది. "ఒక్క మెతుకు ముట్టలేదండీ ఈయన. పిండి రుబ్బలేక నా భుజం పడిపోయింది."

హెప్సిబా పెన్నుకు మూత పెట్టింది. "తప్పు నాదేనండీ. మా ఇంట్లో శనివారాలు లేవు, నాకు తట్టలేదు. మీరు చెప్పినవన్నీ కడుపులోకి వెళ్ళాక ఒకే కుటుంబం. అన్నీ చక్కెరే అవుతాయి."

"మరేం తినాలండీ, గాలా?"

"మీ అత్తవారిది ఏ ఊరు?"

"గిలకలదిండి."

"చేపల రేవులో పిల్లనిచ్చుకున్న అల్లుడు ఈ మాట అడగొచ్చా?"

అప్పుడు వివరంగా చెప్పింది. చేపలు, గుడ్లు, అప్పుడప్పుడు కోడి. ఆకుకూరలు, బీర, దొండ, వంకాయ. నెయ్యి, మీగడ పెరుగు, పచ్చి కొబ్బరి. చేపలైనా కోడైనా కుప్పపోసి తినడం కాదు, మిగతా ఆకలి నెయ్యి తీరుస్తుంది. "మూత్రపిండాలూ బీపీ చూశాకే మీకు చెప్తున్నాను. ఈ తిండికి షుగరు గబగబా దిగుతుంది, అందుకే మాత్రలు సగం చేస్తున్నా. మిగతా సగం మీ అంతట మీరు ఆపకండి. వారం వారం రక్తం చూపించాలి."

ఇది ఆవిడ కనిపెట్టిన వింతేమీ కాదు. నూట నలభై ఏళ్ళ కిందట లండనులో శవపేటికల వ్యాపారం చేసే ఒకాయన ఒళ్ళు వచ్చి, వంగి బూటు తాడు కట్టుకోలేక, వైద్యుడి మాట మీద రొట్టె, చక్కెర మానేసి తేలికపడ్డాడు. ఆ సంగతి చాటుకోడానికే తక్కిన జీవితమంతా వెచ్చించాడు. అయితే ఆయన మానింది రొట్టె. వరి మానమంటే ఏం చేసేవాడో చెప్పలేం.

ఇంటికొచ్చాక మొదటి భోజనం. కంచంలో రెండు వంజరం చేప ముక్కలు, నెయ్యి తేలుతున్న తోటకూర, పక్కన ఖాళీ. పిచ్చేశ్వరరావు వేళ్ళు అలవాటుగా ఆ ఖాళీలోకి వెళ్ళి, అక్కడ లేని అన్నాన్ని కాసేపు కలిపాయి.

కనకదుర్గ నవ్వు ఆపుకుంది. "ఏం కలుపుతున్నావయ్యా? ఇన్నాళ్ళూ చేప తోడుపెళ్ళికొడుకు. ఇప్పుడు అదే పెళ్ళికొడుకు. మర్యాద చెయ్యి."

నాలుగో రోజు గేటు దగ్గర కళ్ళు తిరిగాయి. కాళ్ళలో సీసం పోసినట్టుంది. ప్రాణం పోతే గేటు ఎవరు తీస్తారన్న ఆలోచన వచ్చింది గానీ, అది కూడా ఆయన్ని నవ్వించలేదు. కనకదుర్గ క్లినిక్కుకు లాక్కెళ్ళింది. షుగరు బాగానే ఉంది.

"ఉప్పు తింటున్నారా?" అంది డాక్టరు.

"మానేశానండీ. ఎలాగూ ఆరోగ్యం బాగుచేసుకుంటున్నాం కదా, ఆ పనీ ఒక్కసారే అయిపోతుందని."

"చెప్పనివి కూడా మానేస్తారేంటండీ మీరు? అన్నం మానితే ఒంట్లో ఉప్పూ నీళ్ళూ త్వరగా పోతాయి. బీపీ లేదుగా. చేప తలకాయలు మరిగించి, ఉప్పేసి, గ్లాసుడు తాగండి."

తాగాడు. రెండో రోజుకు కాళ్ళు తనవయ్యాయి. పది రోజులకు ఇంకో వింత జరిగింది. పదకొండింటికి గడియారం కన్నా ముందు మోగే కడుపు మోగడం మానేసింది. మధ్యాహ్నం రెండింటికి ఎవరో అడిగితే తప్ప తినలేదని ఆయనకే గుర్తు రాలేదు.

శనివారం మాత్రం చిక్కొచ్చింది. ఆరోజు నీసు ముట్టడు, పలహారం ముట్టకూడదు. కనకదుర్గ ఆలోచించి కొబ్బరి, వేరుశనగలు, నేతిలో వేయించిన దొండకాయలు, మీగడ పెరుగు పెట్టింది. పిచ్చేశ్వరరావు అంతా తినేసి చెయ్యి కడుక్కున్నాడు.

"ఇరవై ఏళ్ళలో నిజంగా చేసిన ఉపవాసం ఇదేనే" అన్నాడు.

నవంబరు మూడోవారంలో పరీక్ష. ముందురోజు కనకదుర్గ తమ్ముడి ఇంట్లో గృహప్రవేశం. విస్తట్లో పులిహోర పెట్టి, బావ తినకపోతే ఇంట్లో అడుగుపెట్టనంటూ ఆ తమ్ముడు కూర్చున్నాడు. పిచ్చేశ్వరరావు పులిహోర వంక చూశాడు. తాలింపులో వేగిన మిరపకాయ వాసన తిన్నగా బుర్రలోకి వెళ్ళింది. ఒక్క ముద్దకు ఏమవుతుందని నోరు అడిగింది. అప్పుడే వీధిలో ఏదో బస్సు గేరు మార్చింది. మూలిగింది. ఆయన జీడిపప్పులు రెండు ఏరుకుని నోట్లో వేసుకుని లేచాడు.

పరగడుపున నూట పద్నాలుగు. బరువు ఏడు కేజీలు తగ్గింది. ఫిట్ అని రాసిచ్చారు.

మొదటి ట్రిప్పు శనివారం పడింది. రోడ్డుకు రెండువైపులా కోతకొచ్చిన వరి, కిటికీల నిండా దాని వాసన. ఆ వాసన ఆయనకు ఎప్పటిలాగే బాగుంది. చల్లపల్లిలో బస్సు ఆగేది పోతయ్య హోటలు దగ్గర. బస్సు ఆపినందుకు డ్రైవరుకీ కండక్టరుకీ అక్కడ టిఫిను ఊరికే. మూడు నెలల తర్వాత వచ్చిన మనిషని పోతయ్య స్వయంగా రెండు ప్లేట్ల ఉప్మా పెసరట్టు పట్టుకొచ్చాడు.

"శనివారం కదండీ, పలహారం" అన్నాడు.

పిచ్చేశ్వరరావు సీటు దిగలేదు. కొబ్బరిముక్కల డబ్బా మూత తీశాడు. "అది మా బావకి పెట్టండి."

హోటలు బల్ల దగ్గర కూర్చున్న ప్రకాశరావు రెండు ప్లేట్లూ ముందుకు లాక్కున్నాడు. "నీ షుగరు నాకు అంటిద్దామనే కదా బావా ఈ ప్రేమ?" అంటూ మొదలుపెట్టాడు.

అతను రెండో పెసరట్టు మధ్యలో ఉండగా హారను మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. ప్రయాణికులందరూ ఎక్కేశారు.

"వస్తున్నానుండు బావా, అరిగించుకోనీ."

హారను మూడోసారి చాలాసేపు మోగింది. అవసరం ఉన్నదానికన్నా ఎక్కువసేపే.