సంగటికట్టె గేరు బండిలో డోన్ నుంచి వేంపల్లెకు

ఈ దారిన పోదలచుకున్నవారికి ముందే ఒక మాట చెబుతాను. డోన్ నుంచి వేంపల్లెకు పోవాలంటే గుంతకల్లు మీదుగా ఎర్రగుంట్లకు రైలుంది, ఎర్రగుంట్ల నుంచి బస్సుంది. హాయిగా అలాగే వెళ్లండి. నేను మాత్రం మా ఓబులేసు చేసిన బండిలో వెళ్లాను.

ఓబులేసు మా చిన్నాన్న కొడుకు. డోన్‌లో ఒక నూనెమిల్లులో ఫిట్టరు. ఒకసారి మద్రాసు పోయి, పాత పుస్తకాల అంగట్లో ఇంగ్లీషు మోటారు పత్రిక ఒకటి కొనుక్కొచ్చాడు. అందులో పడవలాగా సన్నగా ఉన్న ఒక బండి బొమ్మ ఉంది. మోటారుసైకిలు ఇంజను, సైకిలు చక్రాలు, ఒకరి వెనక ఒకరు కూచునే రెండు సీట్లు. సైకిల్‌కారు అంటారట. అప్పటికి నలభై ఏళ్ల కింద ఫ్రాన్సులో కుర్రవాళ్లు వీటిని ఇంటి దగ్గరే తయారుచేసుకుని పందేలకు పోయేవారట. ఆ బొమ్మ చూసినప్పటి నుంచి వాడికి నిద్ర లేదు.

యుద్ధం సామాను వేలంలో దొరికిన ఇంజను, రిక్షా చక్రాలు, మంచం పట్టీల చట్రం, దానికి కిరసనాయిలు డబ్బాలు విప్పి కొట్టిన రేకు. స్టీరింగుకు చేంతాడు. మిల్లులో పాతబడిన తోలు బెల్టు వెనక చక్రాలను తిప్పుతుంది. నడిపేవాడు వెనక కూచుంటాడు, అతిథి ముందు కూచుంటాడు. గేరు మార్చాలంటే ఆ అతిథే పక్కకు వంగి, తిరుగుతున్న బెల్టును కట్టెతో ఒక పుల్లీ మీది నుంచి ఇంకో పుల్లీ మీదికి నెట్టాలి. అందుకు ఓబులేసు భార్య రత్నమ్మ సంగటి కెలికే కట్టె అతికినట్టు సరిపోయింది. కట్టె పోయాక ఆ అమ్మాయి గరిటెతో కెలికింది, సంగటి ఉండలు కట్టింది. అప్పటికే మొగుడు రాత్రింబగళ్లు బండి దగ్గరే ఉంటున్నాడని మండిపోతున్న మనిషి, ఆ రోజే పుట్టింటికి రైలెక్కింది.

వేంపల్లె దగ్గర సేద్యం చేసే ఆమె తండ్రి వెంకటసుబ్బయ్య డోన్‌కు వచ్చి, బండి చుట్టూ తిరిగి చూసి అల్లుడితో తెగేసి చెప్పాడట.

"ఎవురూ తొయ్యకుండా, ఎవురూ లాగకుండా ఇది మా ఇంటి ముందరికి వస్తే పిల్లను పంపిస్తా. లేదా, దీన్ని పాత ఇనుముకు ఏసి నువ్వే ఆడికొచ్చి నాతో సేద్యం చెయ్యి."

మా వాడు మూడు నెలలు బండి మీదే పడ్డాడు. ఇక పోవచ్చు అనుకున్నాక నా దగ్గరికి వచ్చాడు. అప్పుడు ఆంధ్రరాష్ట్రానికి కర్నూలు రాజధాని. నేను గుడారంలో పెట్టిన ఒక సర్కారు ఆఫీసులో గుమాస్తాను.

"నేను చెబితే మామ నమ్మడన్నా. నువ్వు సర్కారు మనిషివి. దావలో ఎవురూ తొయ్యలేదని నువ్వు చెప్పల్ల," అన్నాడు.

గుడారంలో ఎండకు ఉడికినవాణ్ని, ఇదేం లెక్క అనుకున్నాను. అలా అనుకున్నందుకు నన్ను నేను ఇప్పటికీ తిట్టుకుంటూ ఉంటాను.

తెల్లవారుజామున కర్నూలులో రైలెక్కి డోన్‌లో దిగాను. ఎనిమిది గంటలకు ఓబులేసు తల్లి, మా పిన్ని, బండికి కుంకుమ పెట్టి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. ఇంజను పటపటమంది, బండి కదిలింది. నిమ్మకాయలు చితకలేదు. పక్కకు దొర్లి, కాయలు కాయలుగానే ఉండిపోయాయి. బండి అంత తేలిక.

చూడటానికి వచ్చిన ఒక ముసలాయన "నిమ్మకాయే నలగల్యా, ఇది ప్యాపిలి గుట్టలు యాడ ఎక్కుతాదప్పా?" అన్నాడు.

ఎక్కింది. ఎలా ఎక్కిందో నాకే తెలుసు. ఎత్తు రాగానే వెనక నుంచి ఓబులేసు "కట్టె, అన్నా, కట్టె!" అని అరుస్తాడు. నేను సంగటికట్టెతో బెల్టును నెడతాను. మొదటిసారి బెల్టుతో పాటు నా పైపంచె కూడా పుల్లీలోకి వెళ్లింది. ముందు సీటు గౌరవం కోసం కాదని మధ్యాహ్నానికి అర్థమైంది. దుమ్ము, పురుగులు, ఊరి కుక్కలు అన్నీ ముందు నన్నే పలకరించి, తర్వాత మా వాడి దగ్గరికి పోతున్నాయి. ప్యాపిలిలో భోజనం చేసి, దీపాలు పెట్టే వేళకు గుత్తి చేరి సత్రంలో పడుకున్నాం. సత్రం మంచిదే. నల్లులు మాత్రం ఉన్నాయి.

రెండో రోజు తాడిపత్రిలో టీ అంగడి ముందు ఆగితే జనం మూగారు. ఒకామె సీసా పట్టుకుని గుంపును తోసుకుంటూ వచ్చింది.

"అరసీసా పొయ్యప్పా," అంది.

"ఏం పొయ్యాలమ్మా?"

"కిరసనాయిలు. డబ్బా మీద బొమ్మ కనపడతాంది గదా. అమ్మకపోతే ఈడికెందుకు తెచ్చినావు?"

ఆమెకు సర్దిచెప్పేలోగా నా టీ చల్లారిపోయింది. ఓబులేసు మాత్రం ఏమీ వినలేదు. బండి కింద పడుకుని చక్రాల పుల్లలు బిగిస్తున్నాడు. రాత్రి దారిలో ఒక ఊళ్లో ఎవరి ఇంటి అరుగు మీదో పడుకున్నాక, "అన్నా, వస్తాదంటావా?" అని అడిగాడు. బండి సంగతి అనుకుని, వస్తుందిలే అన్నాను. వాడు అడిగింది రత్నమ్మ సంగతి. వాడి గొంతు విన్నాక నాకు నిజంగానే భయం వేసింది.

మూడో రోజు ఎర్రగుంట్లలో దోసెలు తిని మధ్యాహ్నం దక్షిణంగా తిరిగాం. అంతవరకూ ఎవరూ తొయ్యలేదు, ఎవరూ లాగలేదు. మామగారి ఊరి ఇళ్లు కనబడుతున్నాయి, మధ్యలో ఒక ఎండిన వాగు, మా వైపు వంక అంటారు. బండి ఇసుకలో సగం దూరం పోయి, సన్నటి చక్రాలు దిగబడి ఆగిపోయింది. నేను దిగబోతే ఓబులేసు నా భుజం పట్టుకున్నాడు.

"దిగొద్దన్నా. దిగితే చెయ్యి ఏసినట్టే."

ఎర్రటి ఎండలో ఆ రేకుడబ్బాలో ఇద్దరం కదలకుండా కూచున్నాం. కాసేపటికి వెనక నుంచి ఎద్దులబండి వచ్చింది. తోలుతున్నది సాక్షాత్తూ వెంకటసుబ్బయ్యే. మమ్మల్ని చూసి, కిందికి దిగి, చక్రాలు చూసి, పలుపులు విప్పసాగాడు.

"అల్లుణ్ని వంకలో ఇడిసిపోతే ఊళ్లో నా మొగాన ఉమ్ముతారు. ఎద్దుల్ని కట్టి లాగిస్తా. పందెం మటుకు పోయిందిలే."

"వద్దు మామా. అదే వస్తాది," అన్నాడు ఓబులేసు.

"ఎప్పుడొస్తాది?"

"వస్తాది."

పెద్దాయన నా వైపు చూశాడు. నేను సర్కారు మనిషిలాగా ఆకాశం వైపు చూశాను. ఆయన ఎద్దుల్ని మళ్లీ కట్టుకుని వెళ్లిపోయాడు. మా వాడు మాత్రం చేంతాడు వదల్లేదు.

పొద్దు వాలుతుండగా వంక గట్టు మీద రత్నమ్మ కనబడింది. చేతిలో నీళ్ల చెంబు, వెనక పరుగులాంటి నడకతో తండ్రి. చెంబు నా చేతికిచ్చి మొగుడి ముందు నిలబడింది.

"మూడు నెల్లు ఏం చేస్తాంటివి?"

"నీకోసమే. బండి బాగుచేస్తాంటి."

"రైలు ల్యాకపోయనా? నువ్వు రైలెక్కి వచ్చింటే మర్సనాడే నీ యెనక వచ్చిందును గదా! దినామూ బస్సు వచ్చే యాళకు వాకిట్లో నిలబడతాంటి."

ఆ ఉపాయం ఓబులేసుకు తట్టనే లేదు. నిజం చెప్పాలంటే నాకూ తట్టలేదు. రత్నమ్మ కొంగు నడుముకు దోపి, బండి వెనక్కు పోయి రెండు చేతులూ వేసింది.

"ఒసే, తోస్తే పందెం పోతాదే!" అన్నాడు తండ్రి.

"పందెం నీది నాయనా. మొగుడు నావాడు."

బండి ఎంత తేలికో అప్పుడు పనికొచ్చింది. ఒక్క ఊపుకు గట్టెక్కింది. వెంకటసుబ్బయ్య తల గోక్కుని, "బిడ్డే తోస్తాంటే ఇంగ నేనేం చెప్పేది?" అని నవ్వేశాడు. ఆ రాత్రి వాళ్లింట్లో సంగటి, నాటుకోడి పులుసు. అంత రుచిగా నేను ఎక్కడా తినలేదు.

అసలు చిక్కు మరునాడు వచ్చింది. ఒడిబియ్యం పొయ్యకుండా, సారె పెట్టకుండా ఆడపిల్లను ఎలా పంపుతామంది అత్తగారు. వేరుశనగ బుడ్డల మూట, బెల్లం దిమ్మెలు, ఊరగాయ జాడీలు, గుమ్మడికాయలు వాకిట్లో పేర్చింది. ఆ బండికి వాటిలో ఒక్క జాడీ కూడా ఎక్కువే. చివరకు ముందు సీట్లో ఒడిబియ్యంతో రత్నమ్మ కూచుంది. సారెతో నేను ఎర్రగుంట్లలో రైలెక్కాను.

"ఎవురి సారెప్పా?" అని అడిగాడు పక్కనున్నాయన.

"మా మరదలిది."

"ఆయమ్మ యాడ?"

"వెనక వస్తోంది."

ఆయన పెట్టె చివరి దాకా తొంగిచూసి, నాకేసి అనుమానంగా చూసి, గుమ్మడికాయలకు కొంచెం దూరంగా జరిగాడు. గుంతకల్లులో మీటరుగేజికి మారేటప్పుడు కూలీ కూడా ఇదే అడిగాడు. డోన్‌లో పిన్ని సారె దించుకుని, "కోడలు ఏదిరా?" అని నన్నే నిలదీసింది. ఆఫీసుకు సెలవు పొడిగించుకుని మూడు రోజులు వీధి చివర చూస్తూ కూచున్నాను.

నాలుగో రోజు సాయంత్రం పటపటమని వచ్చారు. ఇద్దరూ మనుషుల్లా లేరు, ఎర్రమట్టి బొమ్మల్లా ఉన్నారు. తెగిన చేంతాడు స్థానంలో రత్నమ్మ చీర చింపిన పేలిక ఉంది. మూడు రోజుల భయమంతా కోపమై, "ఎన్నిసార్లు ఆగిందే ఈ దరిద్రపు బండి?" అని అరిచాను.

రత్నమ్మ సీట్లోంచి దిగకుండానే ముఖం తుడుచుకుంది.

"అట్లనొద్దు బావా. ఆగిన కాడల్లా సెట్టు కింద కూచుండి మాట్లాడుకుంటాంటిమి. పెండ్లయినాక ఆయప్ప నాతో అన్ని మాటలు మాట్లాడిందే ల్యా. శానా మంచి బండి."