పంక్తిలోంచి లేవని చౌడేశ్వరమ్మ

చల్లపల్లి దగ్గర పల్లెలో చౌడేశ్వరమ్మ మగ్గం నేస్తుంది. భర్త పోయాక బావగారు మార్కండేయులు ఇంట్లోనే ఉంటోంది. పెద్దపేగులో కేన్సరని తేలితే బెజవాడలో ఆపరేషన్ చేశారు. పొట్టకి ఎడమపక్క కొత్త దారి పెట్టి, మలం పడేందుకు సంచి అంటించారు.

ఆసుపత్రిలో ఇలాంటివాళ్ళను చూసుకునే నర్సు నాగమల్లేశ్వరి. బందరులో చేపలమ్మిన పేరమ్మ కూతురు. బడిలో తోటిపిల్లలు ముక్కు మూసుకుని బెంచీ మారడం ఆమె మరిచిపోలేదు. ఆపరేషన్‌కి ముందే చౌడేశ్వరమ్మను మగ్గం ముందు కూర్చున్నట్టు కూర్చోమని, నేసిన బట్ట చుట్టే కర్ర పొట్టకి ఎక్కడ తగులుతుందో అడిగింది. అది తగలని చోట పెన్నుతో గుర్తు పెట్టింది. డాక్టరు అక్కడే దారి పెట్టారు.

చౌడేశ్వరమ్మ ఇంటికెళ్ళిన కొన్నాళ్ళకి నాగమల్లేశ్వరి ఫోన్ చేస్తే ఆమె గొంతు నీరసంగా వినబడింది.

"ఏం తింటున్నారండీ?"

"మజ్జిగేనమ్మా. తింటే సంచి నిండిపోద్ది కదా."

సెలవు రోజున నాగమల్లేశ్వరి బస్సెక్కి వెళ్ళింది. చౌడేశ్వరమ్మ పెరట్లో రేకుల పాకలో ఉంది. సంచిని పొట్టకి అంటించే బిళ్ళకి బెజ్జం పెద్దగా కత్తిరించుకోవడంతో మలం తగిలి చుట్టూ చర్మం పుండుపడింది. నాగమల్లేశ్వరి గోరువెచ్చని నీళ్ళతో కడిగి, పౌడరు అద్ది, కొలత చూసి కొత్త బిళ్ళ ఆమె చేతే కత్తిరించి పెట్టించింది.

"ఇప్పుడు వాసనొస్తోందా?"

"లేదమ్మా."

"మరి ఈ పాకలో ఎందుకున్నారు?"

గుమ్మంలో నిలబడ్డ మార్కండేయులు అందుకున్నాడు. "ఇంట్లో పూజలవీ ఉంటాయి కదమ్మా. కాస్త ఎడంగా ఉంటే తప్పేంటి?"

"ఆవిడకది బయట సంచిలో ఉంది, మీకు కడుపులో ఉంది. అంతేగా తేడా! మీరూ వచ్చి పాకలో ఉంటారా బాబాయిగారూ?"

ఆయన మొహం కందిపోయింది. చౌడేశ్వరమ్మ మాత్రం చాలా రోజుల తర్వాత నవ్వింది. ఆ సాయంత్రమే చాప చుట్టి చంకన పెట్టుకుని ఇంట్లోకి నడిచింది. ఎవర్నీ అడగలేదు. పుండు మానాక మగ్గమెక్కింది.

మార్కండేయులు కూతురు సాయిశ్రీకి పెళ్ళి కుదిరింది. "పిన్ని నేసిన మధుపర్కాలే కట్టుకుంటా" అని ఆ పిల్ల పట్టుబట్టింది. పెళ్ళిరోజు చౌడేశ్వరమ్మ భోజనాల పంక్తిలో కూర్చుంది. పక్కన, ఆమె పిలిస్తే వచ్చిన నాగమల్లేశ్వరి. మార్కండేయులు వచ్చి గొంతు తగ్గించి అన్నాడు.

"నీకు లోపల వడ్డిస్తారమ్మా, లే. చుట్టాలు ఇబ్బంది పడతన్నారు."

చౌడేశ్వరమ్మ గొంతు తగ్గించలేదు.

"పీటల మీద పిల్ల కట్టుకున్న మధుపర్కం నేను నేసింది బావగారూ. ముందు దాన్ని మార్పించండి, అప్పుడు లేస్తాను."

ఎదుటివరసలో ఒకాయన విస్తరి వదిలి లేచిపోయాడు. ఆమె అటు చూడలేదు. వడ్డించేవాణ్ణి పిలిచి ఇంకో బూరె వేయించుకుంది.

మార్కండేయులు ఇప్పటికీ ఆమెతో ముభావంగానే ఉంటాడు. ఆమె పట్టించుకోదు. సంచి పెట్టే ఆపరేషన్ కంటే చావే మేలని ఎవరైనా మొండికేస్తే నాగమల్లేశ్వరి ఆమెకే ఫోన్ చేస్తుంది. ఆమె బస్సులో వెళ్ళి మంచం పక్కన కూర్చుంటుంది.

"నేను తింటన్నాను, నేస్తన్నాను. మిమ్మల్ని ఎడంగా ఉండమనేవాళ్ళెవరో చెప్పండి, నేనొచ్చి మాట్లాడతా" అంటుంది.